తోక బరువు

సంతోషి ఆఖరి చేపల పెట్టెను కూడా ట్రాలీ వెనక అంచుకే నెట్టింది. ముందు సగం ఖాళీ. పికప్‌కు తగిలించిన చోట ట్రాలీ ముక్కు పైకి లేచింది. అది చూసి ఆమె పళ్లు బిగించి నవ్వుకుంది.

కిందటేడు చేపల్ని రైలుకు అందించడానికి వెళ్తుండగా ఈ ట్రాలీయే పలాస రోడ్డు మీద బోల్తాపడి ఆమె మొగుడు ఈశ్వర్ పోయాడు. “సరుకు సర్దింది ఆడు. బరువు ఎక్కడుండాలో నాకేటి తెలుసు?” అని పికప్ తోలిన కామేశ్ పెద్దల ముందు చేతులు దులుపుకున్నాడు. తప్పు చచ్చినవాడి నెత్తిన పడింది.

ఇప్పుడు బండెక్కబోతూ కామేశ్ ఆగిపోయాడు.

“వదినా! ఎవులు సర్దినారిది?”

“నేనే. ఏటయింది?”

“బరువంతా యెనకేత్తే, జోరందుకున్నాక ట్రాలీ ఊగి బండినే తిరగేసేత్తాది. నన్ను సంపుతావేటి?”

“సర్దడం రాని ఎర్రోడని మా ఆయన్నన్నావు కదా. ఆడి పెళ్లానికెలా వత్తాది?”

“ఆడికి రాకేటి! ముందుకు జరుపుదాంరా అని ఆ రోజు మొత్తుకున్నాడు. రైలెళిపోతాదని నేనే...”

కామేశ్ నాలుక కరుచుకున్నాడు.

ఒడ్డున బోర్లించిన పడవ చాటునుంచి ఆమె మామ తవిటయ్య లేచాడు. అతని వెనకే, ఆనాడు తీర్పు చెప్పిన పెద్దలంతా లేచారు.

“ఇన్నావా, మావా?” అంది సంతోషి.

ఆ తర్వాత కామేశ్ వైపు తిరిగింది.

“ఇప్పుడు నువ్వే సర్దు. ఆయన సెప్పినట్టు.”