నిద్రపోయిన ఫ్లాషు

“ఒక్కసారే నిండ కరెంటియ్యకు కొడుకా. పాతది. పేలుతది.”

వేణు తలెత్తి చూశాడు.

జగిత్యాలలో అతని సెల్‌ఫోన్ రిపేరు షాపు ముందు, స్టూలు మీద అరవై దాటిన ఒకామె కూర్చుని ఉంది. పేరు కనకవ్వ. చార్జింగ్ పిన్ను వేయించుకుందామని బీర్పూర్ నుంచి వచ్చింది. నాట్లకు పోయి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లకు ఇంకా బురద.

వేణు చేతిలో ఉన్నది ఆమె ఫోను కాదు. రీలు కెమెరా. సిరిసిల్ల నుంచి పూజ అనే అమ్మాయి తెచ్చి ఇచ్చింది. చనిపోయిన వాళ్ల నాన్నది. ఇరవై ఐదేళ్లుగా బీరువాలోనే ఉంది.

“నీకెట్ల తెలుసవ్వా?”

“గా గుండ్రంది లేదూ, ఫ్లాషుకు కరెంటు దాచిపెట్టేది? ఏండ్లకేండ్లు పండుకున్నది. మెల్లగ లేపాలె. కొంచెం ఎక్కియ్యి, ఆపు. మల్ల కొంచెం ఎక్కియ్యి. మూడు రోజులు గట్ల జెయ్యి.”

వేణుకు నవ్వొచ్చింది.

“గిది కెపాసిటర్ అవ్వా. జెరమొచ్చిన మనిషి గాదు, గంజి తాపినట్టు తాపనీకి.”

ఆమె కూడా నవ్వింది. పిన్ను వేయగానే ఫోను తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

వేణు కెమెరాలో కొత్త బ్యాటరీలు వేసి, ఫ్లాషు స్విచ్చి నొక్కాడు.

సన్నగా కూత మొదలైంది. టప్‌మని చప్పుడు. పొగ.

మరునాడు వచ్చిన పూజ కోప్పడలేదు. కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“నా ఫస్ట్ ఫొటో బాపు దీంతోనే తీసిండన్నా.”

“కొంచెం టైమియ్యి చెల్లె” అని వేణు కెమెరా మళ్లీ తీసుకున్నాడు.

వారం తిరిగి తిరిగి, కోరుట్లలో మూతపడ్డ ఒక స్టూడియోలో అదే రకం కెమెరా పట్టుకున్నాడు. పైన తొడుగు పగిలింది కానీ లోపల ఫ్లాషు బోర్డు బాగానే ఉంది. దాన్ని తీసి పూజ కెమెరాలో అమర్చాడు. బ్యాటరీలు వేయబోయి ఆగాడు.

మెల్లగ లేపాలె.

మూడు రోజులు అట్లాగే చేశాడు. కొంచెం ఎక్కించాడు, ఆపాడు. మళ్లీ కొంచెం. షాపులో ఎవరూ లేనప్పుడు “లే తల్లీ, లే” అని బతిమాలాడు కూడా.

నాలుగో రోజు షాపంతా తెల్లగా మెరిసింది.

కెమెరా అందుకున్న పూజ అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. వేణు ఇంక ఆగలేదు, బైకు తీశాడు. అవ్వకు చెప్పాలి. నవ్వినందుకు తప్పయిందనాలి.

బీర్పూర్‌లో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. కనకవ్వ కూతురు కవిత బయటికొచ్చింది.

“అవ్వ ఉన్నదా అక్కా?”

“అవ్వ పోయి వారమాయె తమ్మీ. గుండెపోటు.”

వేణు అరుగు మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు.

కవిత కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

“అవ్వ గంతే. కెమెరా కనవడితె సాలు, కాలు కదలకపోయేది. పెండ్లిగాకముందు సంది పట్నంల కెమెరాల కంపెనీల జేసింది. కంపెనీ మూతవడ్డంక ఊరికచ్చి కూలి పట్టింది. చెప్పినా ఎవలు నమ్ముతరని ఎవలికీ చెప్పకపోయేది.”

“ఏ కంపెనీ అక్కా?”

కవిత చెప్పింది. పూజ కెమెరా మీద ఉన్నది ఆ పేరే.

“అక్కడ ఏం పని? ప్యాకింగా?”

కాదు. ఆ కంపెనీ గేటు దాటిన ప్రతి కెమెరా ఫ్లాషునూ, ఇరవై ఏళ్లపాటు, మొట్టమొదటిసారి వెలిగించింది కనకవ్వే.