తెలీదని చెప్పొచ్చు

"మీరు లోపలికి రాకూడదమ్మా," అంది సైకాలజిస్టు తలుపు దగ్గరే ఆపి. "మీ ముఖం కనబడితే, మీకేం కావాలో పాప అదే చెబుతుంది."

"ఆరేళ్ళ పిల్లండీ! పెదవి విప్పదు. పక్కనుంటే మాట అందిస్తాను."

"అందించకూడదనే."

తల్లి పాప రెక్క వదిలి, లోపలివాళ్ళకి బయటివాళ్ళు కనబడని అద్దం ఇవతల కుర్చీలో కూలబడింది. లోపలి మాటలు స్పీకర్లో వినబడతాయి. తలుపు పక్క బెంచీ మీద, పోలీసులు పిలిపించిన స్కూలు వ్యాను డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నిన్న స్నానం చేయిస్తుంటే పాప రెక్క మీద నాలుగు వేళ్ళ అచ్చులు నీలంగా కనబడ్డాయి. ఆమెకి ముందుగా వ్యానువాడే గుర్తొచ్చాడు. రోజూ పేపర్లో ఎన్ని చదవడం లేదు! ఇప్పుడు పాప ఊఁ అంటే అతను జైలుకి, కాదంటే ఇంటికి.

"పాప అబద్ధం చెప్పదు తల్లీ," అన్నాడతను నెమ్మదిగా.

"నువ్వు మాట్లాడకు!"

లోపల సైకాలజిస్టు పాపతో పాటు చాప మీద కూర్చుంది.

"మా కుక్క పేరేంటో చెప్పు?"

"టామీ."

"దాన్ని ఎప్పుడైనా చూశావా?"

"ఊహూఁ."

"మరి?"

"తెలీదంటే అమ్మ ఊరుకోదుగా. ఏదో ఒకటి చెప్పాలి."

సైకాలజిస్టు నవ్వింది. "ఇక్కడ తెలీదని చెప్పొచ్చు. నేనేం అనుకోను. ఇప్పుడు చెప్పు, మా కుక్క పేరు?"

"తెలీదు!" అంది పాప, బహుమతి కొట్టేసినట్టు.

"శెభాష్. ఇక నీ చెయ్యి సంగతి చెప్పు."

అంతే. అడిగి ఊరుకుంది. అద్దం ఇవతల తల్లికి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అడగదేం ఈవిడ? 'వ్యానంకులేనా' అని ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి!

"ఎలా అయిందో తెలీదు," అంది పాప చాలాసేపటికి. "అమ్మ 'ఎవరే, ఎవరే' అని ఒకటే ఏడుపు. 'వ్యానంకులా?' అంది. ఊఁ అంటే ఏడవదని ఊఁ అన్నా."

తల్లి ఇక ఆగలేకపోయింది. వాడే బెదిరించి ఉంటాడు, ఇంకేముంది! తలుపు తోసుకొచ్చి పాప రెక్క పట్టుకుంది. "భయపడకే బంగారం, నేనున్నాగా! నిజం చెప్పేయ్!"

"అబ్బా, రోడ్డు దాటేటప్పుడులా గట్టిగా పట్టుకోకమ్మా! ఇక్కడ కార్లేం రావట్లేదుగా!"

సైకాలజిస్టు కోప్పడలేదు. దగ్గరికొచ్చి, బిగుసుకుపోయిన ఆ తల్లి వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా పైకి తీసింది.

తీసిన ప్రతి వేలి కిందా, అచ్చంగా ఆ వేలంతే, నిన్నటి నీలి మచ్చ ఉంది.