పళ్ళు తీసిపెట్టే వేళ

మోటారుసైకిలు చప్పుడు వినగానే కంఫన్ కట్టుడుపళ్ళు తీసి గ్లాసు నీళ్ళలో వేశాడు. ఆమధ్య ఒక దెబ్బకి ఆ పళ్ళు విరిగి చిగుళ్ళలో దిగబడ్డాయి. అప్పటినుంచీ ఈ జాగ్రత్త నేర్చుకున్నాడు.

తన్వా లోపలికి వస్తూనే చెంప పగలగొట్టాడు. తర్వాత డొక్కలో తన్నాడు. ముసలాయన గోడవారగా జారి, మోచేతుల మధ్య తల దాచుకున్నాడు. ఎదురు చెయ్యి లేపలేదు.

ఇదేం కొత్త కాదు. తన్వాకి ముప్పై దాటాయి. పని లేదు, తాగుడుంది. చేతిలో డబ్బాడనప్పుడల్లా వస్తాడు, కొడతాడు, కంటికి కనబడింది పట్టుకుపోతాడు. పోయినసారి అన్నం కుక్కరు పోయింది. ఈసారి ఫ్యాను.

కంఫన్ ఒంటరివాడు. ఎక్కడినుంచో వచ్చి బురీరం ఊరి పొలిమేరలో ఆ కర్రల ఇంట్లో దిగాడు. ఒకప్పుడు మోచేతులు, మోకాళ్ళతో కూడా కొట్టే థాయ్ బాక్సింగులో పేరుమోసినవాడని అందరికీ తెలుసు. పక్కింటి బువాలైకి అందుకే ఒళ్ళు మండేది. ఆవిడ వీధిమొగన పచ్చిబొప్పాయి పచ్చడి దంచి అమ్ముకుంటుంది. రోజూ ఇంత జిగురన్నం ముద్ద తెచ్చిపెట్టి, ఆ వాచిన మొహం చూసి సాధించేది.

"ఆ చేతులకి చెదలు పట్టాయా, మావా?"

"వాడికి హక్కుందమ్మా."

"కొడుక్కి ఇంటిమీద హక్కుంటుంది గాని, ఒంటిమీద ఉంటుందా?"

కంఫన్ ఇంకో ముద్ద తుంచుకునేవాడు. కాదనలేదు కదా, కొడుకేనని ఊరంతా అనుకుంది. పోలీసుల్ని పిలుస్తానని ఊరిపెద్ద అంటే, అంతటి బాక్సరూ చేతులు జోడించి ఆపాడు. కన్నప్రేమ, ఏం చేస్తాం అన్నారు.

ఆ పూట మాత్రం ఫ్యాను తీగ ముసలాయన మెడకి బిగుసుకుంది. బిగించింది తన్వాయే. గురక లాంటి శబ్దం విని బువాలై పచ్చడిబండతో పరుగెత్తింది. వెనకాల ఆమె మొగుడు, ఇద్దరు తమ్ముళ్ళు. బండ తన్వా నెత్తిమీద పడింది. వాడు బోర్లా పడ్డాడు. మగవాళ్ళు ముగ్గురూ చుట్టూ చేరి తన్నడం మొదలుపెట్టారు. వాడు నెత్తురు కక్కుకున్నాడు. ఇక కదలడం లేదు. అయినా వీళ్ళ కాళ్ళు ఆగలేదు.

అప్పుడు లేచాడు కంఫన్.

మొదట మోచెయ్యి. బువాలై మొగుడి ముక్కు పగిలింది. తర్వాత మోకాలు. పెద్ద తమ్ముడు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. చిన్నవాడు గుమ్మంలోంచి బయటికి దూకాడు. అరవై దాటిన మనిషి, మెడకి తీగ వేలాడుతుండగానే, తన్వాకి అడ్డంగా నిలబడ్డాడు. పిడికిళ్ళు రెండూ ఎత్తే ఉన్నాయి.

బువాలై చేతిలోని బండ జారిపోయింది. నిన్ను చంపబోయినవాడి కోసం మమ్మల్ని కొడతావా, ఎంత కొడుకైతే మాత్రం అని ఏడ్చింది.

"కొడుకు కాదు" అన్నాడు కంఫన్, బోసినోటితో రొప్పుతూ. "వీడింకా తల్లి కడుపులో ఉండగా, రింగులో కింద పడిపోయాక కూడా వదలకుండా వీడి నాన్నని కొట్టి చంపింది నేనే."