లారీ దారిలో నిమ్మకాయ

గూడూరు లారీలు ఇప్పుడు తమంతట తామే నడుస్తున్నాయి. ఆపితే టైర్లు అరుగుతాయని కంపెనీ దారిలో ఎక్కడా ఆగనివ్వదు. టైర్లు అరగడం లేదు సరే. లారీలో కాపలా కూర్చున్న మొగుడు పెంచలయ్య చెయ్యూపుకుంటూ పోతుంటే, అరుగు మీంచి చూసే మస్తానమ్మకే తిన్నది అరగడం లేదు.

ఒకరోజు ఆమె రోడ్డు మీద నిమ్మకాయ పెట్టింది. "టైరుకు ప్రమాదం, తీసేయండి" అంటూ లారీ ఆగింది. పెంచలయ్య దిగాడు.

"ఏందే ఇది, దిష్టా?"

"దిష్టి కాదయ్యా, దృష్టి! నిన్ను దగ్గరగా చూసి ఆర్నెల్లయింది. బిరీన తీయబాక, నిదానంగా తియ్యి."

ఆ ఒక్క కాయ తీయడానికి ఆయనకు అన్నం తిన్నంతసేపు పట్టింది.

మరుసటి వారం లారీ, "నిమ్మకాయే, ప్రమాదం లేదు" అంటూ తొక్కేసి పోయింది. కిటికీలోంచి పెంచలయ్య తల బయటపెట్టి అరిచాడు: "ఈసారి గుమ్మడికాయ పెట్టవే!"