ఫ్యాను కింద కుర్చీ

“అత్తమ్మా, ఉప్పు కోసం పోయినవ్ గదా! గీ బిస్కెట్లేంది, గీ అగరబత్తులేంది, గీ ప్లాస్టిక్ డబ్బాలేంది?” సంచిలోంచి ఒక్కొక్కటే తీస్తూ అడిగింది స్నేహ.

“కండ్ల ముంగట కనవడ్డయి, తెచ్చిన. నీకు లెక్క చెప్పాల్నా?” యాదవ్వ కస్సుమంది.

“మార్ట్‌కు పోదామంటే వద్దంటవ్. గాడైతే అన్ని సౌలత్‌గ ఉంటయి.”

“ఏం సౌలతే! ఉప్పు, పప్పు ఆఖరి మూలకు పెడ్తరు. గాడిదాక నడిపిచ్చి దుకాణమంత సూపిస్తరు. సూస్తె కొనబుద్ధయితది. గా మాయ నాకు తెల్వదనుకున్నవా? మా కిష్టవ్వ నన్ను అడుగు తీసి అడుగు ఎయ్యనియ్యదు. కుర్చేసి కూసుండవెడ్తది, చాయ్ పోస్తది. నీ మార్ట్‌ల ఎవలన్న ‘వదినె, మంచిగున్నవా’ అని అడుగుతరా?”

స్నేహ ఖాళీ సంచి మడతపెట్టింది. మామ రాజమల్లయ్య పోయినప్పుడు, కర్మలు కాగానే చుట్టాలంతా ఎవరి దారిన వాళ్లు పోయారు. యాదవ్వను పక్కన కూర్చోబెట్టుకుని కడుపునిండా ఏడ్వనిచ్చింది కిరాణం కిష్టవ్వ ఒక్కతే. ఆ వారమే ఆమె దుకాణంలో ఫ్యాను కిందికి కుర్చీ వచ్చింది. అప్పటినుంచి యాదవ్వకు సిద్దిపేట అంతా ఒక ఎత్తు, ఆ దుకాణం ఒక ఎత్తు. తోడబుట్టినవాళ్లు కూడా అంత ప్రేమగా చూసుకోరని ఆమె నమ్మకం.

ఇప్పుడు కిష్టవ్వ బిడ్డ ప్రియాంక కోహెడలో కొత్తగా కిరాణం పెడుతోంది. మేనకోడలి లాంటిదాన్ని ఉత్తగా పంపుతామా అని యాదవ్వ పొద్దంతా కూర్చుని తీపి గరిజెలు చేసింది. డబ్బా నిండా సర్దుకుని బయల్దేరింది. ఇంటి మనిషే కదా, దుకాణం వెనక తలుపు నుంచి లోపలికి పోయింది.

“గంత చిన్న దుకాణంల కుర్చీ ఎందుకే అవ్వా? జాగ దండుగ. గాడ ఇంకో ర్యాక్ పడ్తది,” అంటోంది ప్రియాంక.

యాదవ్వ గడప దగ్గరే ఆగి నవ్వుకుంది. ఈ కాలం పిల్లలకు మనుషుల విలువ ఏం తెలుసు, కిష్టవ్వే మంచిగ గడ్డిపెడుతుందిలే అనుకుంది.

“పిచ్చిదానా, అన్నిటికంటె ముందుగాల కుర్చెయ్యి,” అంది కిష్టవ్వ. “దాని ఎదురుంగ కొత్త సామాన్ పెట్టు. ఇంట్ల మాట్లాడే దిక్కులేనోళ్లు ఉంటరు గదా, గసొంటోళ్లను కూసుండవెట్టు. చాయ్ పోసి కష్టం అడుగు. ఏడిస్తె ఏడ్వనియ్యి.”

యాదవ్వ గరిజెల డబ్బాను దగ్గరికి అదుముకుంది. తనను కాదేమో, ఇంకెవరినో అంటోందేమో అనుకుంది.

“ఏడిస్తె మనకేమొస్తదే?” అడిగింది ప్రియాంక.

“ఏడ్సినోళ్లు ఉత్త చేతులతోని లేవరు బిడ్డా.”