మూడో గీత

"కాయల మీదికి ఎక్కించకండీ!" మహిమ చేట పక్కన పెట్టి, నిండు పొట్టతో ఆయాసపడుతూ లేచింది.

మిలటరీ జీపు మిరపకళ్లం అంచున ఆగింది. అందులోంచి దిగిన జవాను నవ్వాడు.

"కూర్చో చెల్లెమ్మా, కూర్చో. గంటసేపు బండి ఇక్కడ నిలబెట్టుకుంటాం. నెలలు నిండినట్టున్నాయే?"

"ఈ వారమే అన్నారు. మా ఆయన కూడా మీలాగే..."

అతను అప్పటికే జీపు మీది ఏరియల్ వైపు తిరిగాడు. సెలవు ఇవ్వలేదనీ, ఎక్కడికో శిక్షణకు పోతున్నామనీ భర్త నతానియేలు ఉత్తరం రాసి మూడు వారాలైంది. ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోతోంది కూడా.

"దేనికోసమండీ ఇదంతా?"

"పోటీలాంటిది. ఈ చుట్టుపక్కల మావాడొకడు వైర్‌లెస్ సెట్టుతో దాక్కున్నాడు. అరగంటకోసారి వాడు మాట్లాడి తీరాలి. ఆ మాట ఏ దిక్కునుంచి వస్తోందో మూడు జీపులు మూడు చోట్ల నుంచి కనిపెట్టి, ఒకరికొకరం చెప్పుకుంటాం. మ్యాపు మీద మూడు గీతలు గీస్తే, అవి కలిసిన చోట వాడుంటాడు."

"దొరికితే?"

"ఆరింటిలోపు పట్టుకుంటే నాకు పది రోజుల సెలవు. లేకపోతే వాడికి." అతని గొంతు తగ్గింది. "మా పాప పుట్టి ఐదు నెలలు. కాన్పప్పుడు నేను దగ్గర లేను. ఇంకా మొహం కూడా చూడలేదు."

సెట్టు గరగరమంది. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏరియల్‌ను మెల్లగా తిప్పి, మ్యాపు మీద మిగతా జీపులు చెప్పిన రెండు గీతలను కలుపుతూ మూడో గీత గీశాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, అడక్కుండానే మహిమ చెవులకు పెట్టాడు.

"విను చెల్లెమ్మా. సరదాగా ఉంటుంది."

ఎవరో హిందీలో అంకెలు చదువుతున్నారు. ఐదు దగ్గర చిన్నగా దగ్గారు. మళ్లీ మొదలుపెట్టారు.

ఏడు నెలలుగా వినని గొంతు! కడుపులో బిడ్డ కదిలింది. మాట ఆగిపోయేదాకా ఆమె హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"కళ్లలో ఆ నీళ్లేంటి?"

"కాయల ఘాటు."

అతను మ్యాపు చూస్తూ తలాడించాడు. "కాలవ అవతలి పత్తిచేలల్లో ఉన్నాడు. మిగతా జీపులు చాలా దూరంలో ఉన్నాయి, మేమే పోవాలి. వంతెన ఎటు?"

వంతెన తాటితోపు వెనకే ఉంది. ఐదు నిమిషాల దారి. మహిమ అతని మొహంలోకి చూడలేకపోయింది.

"కూలిపోయిందన్నా. పైనున్న లాకుల మీదుగా చుట్టూ తిరిగి పోవాలి."

"మ్యాపులో ఉందే?"

"మ్యాపు వానలకు ముందు వేసుంటారు."

అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. "ఊళ్లోవాళ్లకు తెలిసినంత మాకేం తెలుసు! తిప్పవయ్యా బండి," అన్నాడు డ్రైవరుతో.

జీపు లేపిన దుమ్ము అణిగిపోయినా మహిమ రంగు చెడిన తాలుకాయలు ఏరలేకపోయింది. చూడని ఆ పాప మొహమే కళ్ల ముందు మెదిలింది. ఆ సాయంత్రం ప్రార్థనలో మొదట ఆ పాప పేరే చెబుదామనుకుంది. తీరా చూస్తే పేరు అడగనేలేదు.

మర్నాడు మధ్యాహ్నం నతానియేలు సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"పది రోజులు మహిమా! నన్నెవరూ పట్టుకోలేకపోయారు."

ఆమె అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది. "బిడ్డను చూసుకోవాల్సిన మనిషికి అబద్ధం చెప్పి పంపేశాను. ఆ ఉసురు మనకెందుకు? క్యాంపుకు వెళ్లగానే ఆయన్ను వెతికి, నా తరఫున క్షమాపణ అడుగు."

"మా క్యాంపు నుంచి ఇటు వచ్చింది మార్కన్న జీపొక్కటే," అన్నాడు నతానియేలు. సంచి మెల్లగా కిందికి దించాడు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"ఏమైంది?"

"మన పెళ్లి ఫోటో ఆయనకు వందసార్లు చూపించాను."