కెమెరా ముందు నుంచి లేవొద్దు

రాజేంద్ర పదిసార్లు ఫోన్ చేశాడు. పదిసార్లూ భార్య ఫోను బిజీ.

మదనపల్లెలో మోటార్ల వైండింగ్ షాపు అతనిది. కాలిపోయిన బోరు మోటారు విప్పి ముందరేసుకున్నవాడు, దాన్ని అలాగే వదిలేసి బండెక్కాడు. పుంగనూరు చేరేదాకా మనసు మనసులో లేదు. మాలతి అంతసేపు ఫోన్లో మాట్లాడే మనిషి కాదు మరి.

పట్టపగలు ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపు తోసుకుని లోపలికి పోతే, మాలతి నేలమీద కూర్చుని ఉంది. ఎదురుగా స్టీలు చెంబుకు ఆనించిన ఫోను. తెరమీద మనిషి లేడు. పోలీసు ముద్ర ఒకటి ఉంది, దాని వెనక నుంచి బొంగురు గొంతు వినపడుతోంది.

"మేడమ్, కెమెరా ముందు నుంచి లేవొద్దు. మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది. విచారణ అయ్యేదాకా మీరు మా కస్టడీలో ఉన్నట్టే."

రాజేంద్రకు విషయం అర్థమైంది. ఈ మోసం సంగతి తెలియనివాడేం కాదు. పోయిన నెలే కుప్పంలో రిటైరైన టీచరొకాయన మూడు రోజులు ఇలాగే ఫోను ముందు కూర్చుని ఉన్నదంతా ఊడ్చిపెట్టాడని పేపర్లో పడింది. చదువుకున్నోళ్లకే బుద్ధి ఉండదని షాపులో అందరి ముందూ నవ్వింది ఈ పెద్దమనిషే. ఇప్పుడు అదే పీడ తన ఇంట్లో దూరింది.

కట్ చెయ్యమని సైగ చేశాడు. మాలతి తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిపి ఏదో చెప్పబోయింది.

"పక్కకు చూడొద్దు మేడమ్," అంది గొంతు. ఆమె గభాలున కెమెరా వైపు తిరిగింది.

మాలతిని పట్టడానికి దొంగలకు పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. ఏ కొత్త నంబరు నుంచి ఫోనొచ్చినా మొదటి రింగుకే ఎత్తేస్తుంది. అదంతా తమ్ముడు హేమంత్ కోసం. కుప్పంలో డిగ్రీ చేసి, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానని బ్యాంకాక్ పోయాడు వాడు. మొదట్లో రోజూ ఫోటోలే ఫోటోలు. ఒక గదిలో నలుగురం ఉన్నామని ఒకటి, రైస్ కుక్కర్లో సంగటి కెలికితే జావైపోయిందని ఒకటి, రైలెక్కి సముద్రం చూడ్డానికి పోయామని ఇంకొకటి. సెలవుల్లో సరిహద్దు ఊళ్లో ఏదో కంప్యూటర్ పని దొరికింది, ఇరవై రోజులు చేసొస్తానని స్నేహితుడితో కలిసి బస్సెక్కాడు. అంతే. ఏడు నెలలైంది, ఫోను లేదు, కబురు లేదు. కాలేజీకీ ఎంబసీకీ ఉత్తరాలు రాసి రాసి మాలతి సగమైపోయింది.

"కుటుంబ సభ్యుల వివరాలు చెప్పండి," అన్నాడు ఫోన్లోవాడు.

మాలతి మొదలుపెట్టింది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందట, ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తోందట, కుప్పం ఇంటికి సున్నం కొట్టించారట, కూతురు వీణకు ముందరి పళ్లు ఊడాయట. పోలీసుకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. భయంతో మతి పోయిందనుకున్నాడు రాజేంద్ర.

"ఒక తమ్ముడు ఉండాడు సార్," అంది చివరికి. "వాని కోసరం ఈడ అందరం ఎదురు సూస్తాండాము."



"ఆ తమ్ముడు ప్రాణాలతో ఉండాలంటే ఈ కాల్ కట్ కాకూడదు మేడమ్."

"నేను కట్ చెయ్యను సార్. మీరు అన్నం తిన్న్యారా?"

ఎవరో అర్థంకాని భాషలో అరిచారు. ఫెడీల్మని దెబ్బ పడ్డ చప్పుడు వినపడింది. సంబంధం లేని ప్రశ్నలు వెయ్యొద్దంది గొంతు. ఈసారి ఇంకా బొంగురుపోయింది. స్టేషన్లో ఉన్నట్టు నమ్మించడానికి ఎన్ని నాటకాలో అని రాజేంద్ర పళ్లు నూరాడు. దొంగకు మర్యాదలు చేస్తున్న భార్యను చూస్తే ఒళ్లు మండింది.

ఫోను కోసం చెయ్యి చాచాడు. మాలతి అతని మణికట్టు పట్టుకుంది. గోళ్లు లోపలికి దిగాయి. పదకొండేళ్ల కాపురంలో గట్టిగా ఒక మాట అనని మనిషి. ఆమె చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి.

అతను పెరట్లోకి పరుగెత్తి, గోడ అవతలి వినోద్‌ను పిలిచాడు. వినోద్‌ది బ్యాంకులో ఉద్యోగం, ఇలాంటివి బోలెడు చూశాడు.

"ఇంగా యాల సూస్తాండావన్నా? ఫోను లాక్కొని సిమ్ము ఇరిచెయ్. అక్క ఏడ్చినా ఇనొద్దు."

తిరిగొచ్చేసరికి మాలతి వీణ నోటుబుక్కులో ఏదో రాస్తోంది. రాసింది రాసినట్టు కెమెరాకు చూపమంటున్నాడు వాడు. ఇంకేముంది, అకౌంటు నంబరు దాకా వచ్చిందనుకుని రాజేంద్ర తొంగిచూశాడు.

"పార్సిల్ పట్టుబడిన చోటు మేడమ్. ఏటి ఒడ్డు. నీలం గేటు. మూడో అంతస్తు. రాశారా?"

"రాసినాను సార్."

"ఊరి పేరు రాసుకోండి…"

రాజేంద్ర ఒక్క అంగలో పోయి ఫోను లాగేసుకున్నాడు. కట్ చేశాడు. సిమ్ము పెరికి రెండు ముక్కలు చేశాడు.

మాలతి పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. పాపం, ఇంకా బెదురు తీరలేదనుకుని అతను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

"ఇంగ బయం లేదు లేమ్మే. ఆ దొంగనాయాలు మళ్లా నీకు ఫోన్ చెయ్యలేడు."

"మొదటి మాటకే గొంతు గుర్తుపట్న్యానప్పా," అంది మాలతి, "అది మా హేమంతు."